ఏ పురుగుకి బావా?

1981 ఫిబ్రవరి 9, సోమవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. డిగ్రీ పాసైనందుకు మా నాన్న కొనిచ్చిన చేతిగడియారం చూసి, ఆ సమయాన్ని అప్పుడే నోటుపుస్తకంలో రాసుకున్నాను కనుక ఇందులో పొరపాటుకు తావు లేదు. విశాఖపట్నంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో, మూత్రకోశ శస్త్రచికిత్సల వార్డు వెనుక వరండాలో, ఒక స్తంభం చాటున నేనూ, మందుల స్టోరు చూసే ఆయనా నిలబడి ఉన్నాము. పరీక్ష కోసం రోగులు మూత్రం ఏ విధంగా పడుతున్నారో కళ్ళారా చూడడానికి వచ్చాము. ఆ పనికి మమ్మల్ని ఎవరూ నియమించలేదు. ఆయనే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకువచ్చారు.

ఆయన పోయిన నెలలో కన్నుమూశారు. మందుల స్టోరులో పనిచేసి రిటైరైన వారికి సంతాపసభ పెట్టే ఆచారం మా ఆసుపత్రిలో లేదు. అందుకని ఇది రాస్తున్నాను.

పేరు రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు. సూపరింటెండెంటుగారి కారు డ్రైవరు మొదలుకొని వంటశాలలో గంటె తిప్పేవారి వరకు మగవారందరూ ఆయనను ‘బావా’ అనే పిలిచేవారు. ఆయనా అందరినీ ‘బావా’ అనేవారు. డాక్టర్లకు మాత్రం ‘బాబూ’, నర్సులకు ‘అమ్మా’.

స్టోరు గదిలో ఒక ఇనుప బీరువా ఉండేది. దాని తాళంచెవి ఆయన మొలతాడుకు ముడివేసి ఉండేది. మొలతాడు బిగుతు, పొట్ట పెద్దది. అందువల్ల బీరువా తెరవాలంటే ఆయన దానిని పూర్తిగా ఆనుకుని, పొట్టను తలుపుకు అదిమి, చెంపను ఇనుపరేకుకు ఆనించి, కళ్ళు మూసుకుని తాళం తిప్పవలసి వచ్చేది. కొత్తగా ఉద్యోగంలో చేరినవారు ఆ దృశ్యం చూసి, చాలాకాలం ఎడబాటు తరువాత ఎవరో కలుసుకుంటున్నారన్నట్టు మర్యాదగా తల పక్కకు తిప్పుకునేవారు.

తాళంచెవిని విప్పి తెరిస్తే సులువు కదా అని ఒకసారి సూచించాను.

“ఇప్పితే ఎవుడో ఒకడు అడుగుతాడు, నాను ఇచ్చెత్తాను బావా. నా గుణం నాకు తెల్దేటి? మెత్తనోణ్ణి,” అన్నారు.

ఆ బీరువాలో ఉండేది జెంటామైసిన్ ఇంజెక్షన్ల పెట్టె. పెన్సిలిన్, ఆంపిసిలిన్, స్ట్రెప్టోమైసిన్ ఒకదాని తరువాత ఒకటి మొండి క్రిముల ముందు చేతులెత్తేసిన రోజులవి. మా దగ్గర మిగిలిన చివరి ఆయుధం జెంటామైసిన్. ఆయన దానిని పేరుపెట్టి పిలిచేవారు కాదు. ‘ఆకరుది’ అనేవారు. ఇంటిపెద్ద పేరు ఉచ్చరించని కోడలి పద్ధతిలో.

ఎవరు ఏ మందుకు చీటీ తెచ్చినా ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే. “ఏ పురుగుకి బావా?” చీటీలో క్రిమి పేరు లేకపోతే మందు కదిలేది కాదు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, దూది కోసం వచ్చినవారిని కూడా అదే అడిగేవారు. ఒకసారి గోడలకు సున్నం వేసే మేస్త్రీ నిచ్చెన కావాలని వస్తే అతనినీ అడిగారు. ఆ మేస్త్రీ కొంచెం ఆలోచించి, “సెదపురుగుకి,” అన్నాడు. నిచ్చెన ఇచ్చేశారు.

ఈ పట్టుదల ఆయనకు పుస్తకాల ద్వారా అబ్బినది కాదు. ఆయనది పొలం పనుల కుటుంబం. అన్నగారు ఊళ్ళో వంగతోట వేసేవారు. ఆ తోటకు కొట్టిన పురుగుమందు ఏటేటా పనిచేయకుండా పోవడం ఆయన కళ్ళతో చూశారు. అన్నగారు పంపిన వంకాయలలో బాగున్నవి ఇంటికి తీసుకువెళ్ళి, పుచ్చులు స్టోరు బల్లమీద వరుసగా పెట్టుకునేవారు. అవి ఆయన ప్రమాణ గ్రంథాలు.

నా గురించి కూడా రెండు మాటలు అవసరం. మా వంశంలో మొదటి పట్టభద్రుణ్ణి నేను. బి.ఎస్‌సి. పూర్తిచేసి ఆ ఆసుపత్రి ప్రయోగశాలలో టెక్నీషియనుగా చేరాను. నా పని రోగుల మూత్రంలో ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో చూడడం. ఊళ్ళో అడిగినవారికి మా అమ్మ “మందులు పరీక్ష సేత్తాడు” అని సగం మాత్రమే చెప్పేది. మిగతా సగం చెప్పడానికి ఆమెకు మొహమాటం. నేను మాత్రం ప్రయోగశాల తలుపు మీద నా పేరు పక్కన డిగ్రీని కూడా పెయింటుతో రాయించుకున్నాను. అది చూసినది మొదలు ఆయన నన్ను ‘బియ్యెస్సీ బావా’ అనడం ప్రారంభించారు. అందులో వెక్కిరింత ఎంతో, గౌరవం ఎంతో నేను ఈనాటికీ తేల్చలేకపోయాను.

ఇక ఆ సోమవారానికి దారితీసిన పరిస్థితి చెప్పాలి.

మూత్రకోశానికి ఆపరేషను చేసేటప్పుడు లోపల క్రిములు ఉంటే అవి కోతలోంచి రక్తంలోకి ఎక్కుతాయి. అందుకని ముందుగానే మూత్రం పరీక్షించి, ఉన్న క్రిమికి తగిన మందును ఆపరేషనుకు కొద్దిసేపు ముందు ఇవ్వాలి. మా సర్జనుగారు చెయ్యి తిరిగినవారు, మనసు మెత్తనివారు. ఆయన రోగి ఒకరు ఆపరేషను అయిన మర్నాడు చలిజ్వరం వచ్చి పోయారు. అప్పటినుంచి ప్రతివారికీ రెండు మూడు మందులు కలిపి పది రోజులపాటు రాసేవారు. అయినా జ్వరాలు వస్తూనే ఉన్నాయి.

ఆ జనవరిలో వార్డులో ఏడుగురు ఆపరేషను కోసం ఎదురుచూస్తున్నారు. ఏడుగురి మూత్రంలోనూ ఒకే మొండి క్రిమి కనబడింది. జెంటామైసిన్‌కు తప్ప దేనికీ లొంగలేదు. ఆపరేషన్ల జాబితా రెండుసార్లు రద్దయింది.

వారిలో జాలరిపేట తాత ఒకరు. ప్రోస్టేటు గ్రంథి పెరిగి, మూత్రం చుక్క చుక్కగా వచ్చేది. ఒక్కొక్క చుక్కకూ ఆయన ముఖంలో పడే ముడతలు చూడడం కష్టంగా ఉండేది. రెండోసారి జాబితా రద్దయిన రోజున ఆయన గుడ్డసంచి సర్దుకుని మంచం మీద కూర్చున్నారు.

“మూడు వారాలైపోనాది. నా నావ ఒడ్డున ఎండిపోతంది. పలకలు బీటలిచ్చేత్తాయి,” అన్నారు నాతో. “వచ్చే గురారం కొయ్యకపోతే ఎలిపోతాను బాబూ. ఆ సముద్రంలోనే పోతాను, ఈ మంచం మీద పోను.”

ఇంటికి వెళ్తే మూత్రం పూర్తిగా బిగిసిపోయే ప్రమాదం ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

ఆ పరిస్థితిలో నేను నా బాధ్యతగా భావించి సర్జనుగారికి ఒక లేఖ రాశాను. ‘సదరు క్రిమి వార్డు అంతటా వ్యాపించినదని ఏడు ఫలితములను బట్టి నిస్సందేహముగా తెలియుచున్నది’ అన్న వాక్యం అందులో ఉంది. ‘నిస్సందేహముగా’ అన్న మాట కింద గీత కూడా గీశాను.

శనివారం మధ్యాహ్నం ఆ లేఖ పట్టుకుని సర్జనుగారు స్వయంగా స్టోరుకు వచ్చారు. నేను వెనుక నిలబడ్డాను.

“ఏడుగురికీ జెంటామైసిన్ కావాలి. గురువారం లిస్టు పెట్టాను. ఒక్కొక్కరికీ పది రోజులు,” అన్నారు సర్జనుగారు.

“ఏ పురుగుకి బాబూ?”

“అదే పురుగుకయ్యా. రిపోర్టులు చూడు. ఏడుగురికీ అదే.”

ఆయన బల్లమీది వంకాయ ఒకటి తీసి, చాకుతో రెండుగా చీల్చి సర్జనుగారి ముందు పెట్టారు. లోపల పురుగు కొంచెం బద్ధకంగా కదిలింది.

“ఇదేమిటి?” అన్నారు సర్జనుగారు ఒక అడుగు వెనక్కి వేసి.

“మా యన్న తోటలోది బాబూ. మొదటేడు ఎండ్రిన్ కొడితే సచ్చింది. రెండో ఏడు సచ్చినట్టు పడుండి మల్లీ లేచింది. ఇప్పుడు డబ్బా మూత తీత్తే సాలు, బువ్వ పెడతన్నారనుకుని దగ్గిరికొత్తంది. తోటంతా కొట్టకు, పురుగు పట్టిన మొక్కకే కొట్టు అని సెప్పినాను. ఇన్నేదు. మీరూ ఆకరుది ఏడుగురికీ పది రోజులు కొట్టీండి. ఆ పై ఏడు ఈ బీరువాలో ఏటుంటాది? నాను ఉంటాను. నన్ను పొడుత్తారా సూదితో?”

సర్జనుగారికి కోపం రావలసిన సందర్భం. ఆయన మాత్రం పురుగును చూస్తూ నిలబడ్డారు. “మరి వాళ్ళు చచ్చిపోతే?” అన్నారు చివరకు, చాలా నెమ్మదిగా. “సోమవారం సాయంత్రం వరకు చూస్తాను. ఆ తరువాత సూపరింటెండెంటుగారి చేత ఆర్డరు వేయిస్తాను,” అని వెళ్ళిపోయారు.

అప్పుడు ఆయన నా ఏడు రిపోర్టులనూ బల్లమీద పక్కపక్కన పరిచారు. మా పద్ధతి ఇది: గాజుపళ్ళెంలో క్రిములను పచ్చికలా మొలిపించి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు దానిమీద ఉంచుతాము. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ మొలక లేని వలయం ఏర్పడుతుంది. ఆ వలయాన్ని స్కేలుతో కొలిచి రాస్తాము. కొలతలో నేను అర మిల్లీమీటరు కూడా వదిలిపెట్టేవాణ్ణి కాను.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదకు ఎత్తి అంకెలన్నీ వేలితో వెంబడించారు.

“ఏటి బియ్యెస్సీ బావా, ఏడుగురికీ ఒకే సైజు సొక్కా కుట్టినావు?”

నా చెవులు వేడెక్కాయి. ఒక రిపోర్టు చూసి మిగతా ఆరూ ఎక్కించానన్న నిందగా నాకది వినిపించింది. “ఏడు పళ్ళాలూ నా చేతులతో కొలిచాను. డిగ్రీ మీద ప్రమాణం,” అన్నాను.

“కొలత తప్పని నానన్నానేటి? ఒకే పురుగు ఏడుగురికి పట్టినా, అందరికీ గీటు తేడా నేకుండా ఉంటాదేటి? నువ్వు ఏడుగుర్ని కొలిసినావో, ఒక్కణ్ణే ఏడుసార్లు కొలిసినావో! సోమారం ఆరింటికి రా. ఆ సీసాలు ఎలగ నిండుతన్నాయో సూద్దుం.”

ఆ విధంగా మేము స్తంభం చాటుకు చేరుకున్నాము.

ఆరు గంటల పన్నెండు నిమిషాలకు వరండాలోకి ఒక ముక్కాలిపీట వచ్చింది. దానిమీద పెందుర్తి నుంచి వచ్చిన ఒక భారీ మనిషి కూర్చున్నారు. పోర్టులో ఓడల బరువులెత్తే వించి నడిపి రిటైరైనవారు. మూత్రకోశంలో రాయి ఉన్నందువల్ల ఆయనకు చాలాకాలంగా రబ్బరు గొట్టం అమర్చి ఉంది. మిగతా ఆరుగురూ, నంబరు చీటీ అంటించిన సీసాలు చేత పట్టుకుని, పాలకేంద్రం దగ్గర నిలబడినట్టు ఆయన ముందు వరుసలో నిలబడ్డారు. ఆయన గొట్టం చివర మూత తీసి, మొదటి సీసాలోకి వంచారు.

“సాలేటి?”

“మరి కూసింత పొయ్యి మావా.”

“సాల్లే. ఎనకాల ఇంకా ఐదుగురున్నారు.” చుక్క కింద పడకుండా రెండో సీసాకు మార్చారు. “వించి నడిపిన సెయ్యి బావా ఇది. ఓడలో గుడ్డు దింపినా పగల్లేదు.”

మూడో స్థానంలో జాలరిపేట తాత సీసా చాపారు. అన్ని సీసాలూ ఒకే గీతవరకు నిండాయి.

నేను నోటుపుస్తకంలో ఏమి రాయాలో తెలియక గడియారం మాత్రమే చూస్తున్నాను. ఆయన అప్పటికే స్తంభం దాటి వెళ్ళిపోయారు.

“ఏటి మావా, దానకర్ణుడి వంశమేటి మీది?”

వరండాలో అందరూ బిగుసుకుపోయారు. నిజం బయటకు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆరున్నరకు వార్డు మనిషి సీసాలు తీసుకువెళ్ళేవాడు. సీసా ఖాళీగా ఉంటే అందరిలోనూ కేకలు వేసేవాడు, పరీక్ష లేదు కనుక ఆపరేషను లేదనేవాడు. వీరిలో ఎక్కువమంది మూత్రం రాకపోవడమే రోగంగా వచ్చినవారు. పొద్దున్నే హుకుం మీద సీసా నింపమంటే ఎక్కడనుంచి తెస్తారు? వించి డ్రైవరుకు వారిమీద జాలి కలిగింది. ఆయన దగ్గర మాత్రం సరుకు సమృద్ధిగా ఉంది.

“నాది సుక్కలు బాబూ,” అన్నారు జాలరిపేట తాత నా వైపు చూడకుండా. “సుక్కలు పంపితే కొయ్యరేమోనని. మావ నిండా పోసిచ్చినాడు. బేగి కోత్తారనుకున్నాను.”

మూడు వారాలుగా తన ఆపరేషనును తానే ఆపుకుంటున్నానని ఆయనకు అప్పుడు అర్థమైంది. వించి డ్రైవరు ముఖం తెల్లబోయింది. “అయితే నాను అందరికీ రోగం పోసినానేటి?”

“రోగం పొయ్యినేదు మావా, రిపోర్టు పోసినావు,” అని స్టోరు బావ ఆయన భుజం తట్టి, ఆరు సీసాలనూ తన చేత్తోనే కాలువలో ఒంపేశారు. తరువాత నా వైపు తిరిగి, “సీసాలు ఉడకబెట్టి తే బియ్యెస్సీ బావా. ఎవుడిది ఆడే పొయ్యాలి. ఎంతసేపైనా సరే,” అన్నారు.

మిగతా ఐదుగురి సంగతి ఏదో విధంగా పూర్తయింది. జాలరిపేట తాత దగ్గర ఆగిపోయింది. సబ్బుతో కడుక్కుని, మొదట వచ్చినది వదిలేసి, మధ్యలోది పట్టాలని నేను నియమం వివరించాను.

“మొదటిది ఒదిలీత్తే మరి రెండోది రాదు బాబూ!” అని తాత దాదాపు ఏడ్చారు.

కుళాయి తిప్పి ఆ చప్పుడు వినిపిద్దామంటే ఆ సమయానికి కుళాయిలో నీళ్ళు లేవు. నేను రెండు మగ్గులు తెచ్చుకుని, ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి ఎత్తునుంచి నీళ్ళు పోస్తూ నిలబడ్డాను. గంటా పది నిమిషాలు పోశాను. నా పట్టభద్రత అంతకు ముందు ఎన్నడూ అంత ప్రత్యక్షంగా ప్రజలకు ఉపయోగపడలేదు. ఆయన తాతకు వీపు తిప్పి కూర్చుని, నావ గురించి అడగసాగారు. పొడవెంత, ఏ కర్ర, అలలు దాటేటప్పుడు ముందెవరు కూర్చుంటారు. తాత చెబుతూ చెబుతూ, మూడో అల దాటే చోట హఠాత్తుగా మాట ఆపేశారు.

“ఏటైనాది?”

“మాటాడకు బావా. వత్తంది.”

రెండు చెంచాలంత వచ్చింది. ఆయన ఆ సీసాను, స్టోరులో ఇంజెక్షను బుడ్డిని చూసినట్టే, వెలుగుకు ఎత్తి చూశారు. “ఇదీ సొంతది,” అన్నారు.

సోమవారం సాయంత్రంలోగా నేను సర్జనుగారి దగ్గరకు వెళ్ళి నా లేఖను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. స్టోరు బావ తోడు వస్తారని ఆశించాను. “నువ్వు గీత గీసినావు, నువ్వే సెరపాలి,” అని స్టోరులోకి వెళ్ళిపోయారు. సర్జనుగారు అంతా విన్నారు. తరువాత బల్లమీద తల ఆనించి నవ్వారు. ఆయన నవ్వగా నేను చూడడం అదే మొదలు. ఆర్డరు అడగడం బుధవారం దాకా ఆపారు.

బుధవారం మధ్యాహ్నం పళ్ళాలు తీశాను. మొండి క్రిమి ఒక్క వించి డ్రైవరు పళ్ళెంలోనే ఉంది. నలుగురి పళ్ళాల్లో ఏమీ మొలవలేదు. ఒకరి పళ్ళెంలోనూ, జాలరిపేట తాత పళ్ళెంలోనూ సాధారణ క్రిమి మొలిచింది. తాతది కనామైసిన్ అనే పాత మందు చుట్టూ ఎంత వెడల్పున ఖాళీ చేసి తప్పుకున్నదంటే, స్కేలు పెట్టకముందే నాకు కళ్ళు చెమర్చాయి. కొలతలు రాసి స్టోరుకు పరుగెత్తాను.

“కనామైసిన్ కావాలి,” అన్నాను.

“ఏ పురుగుకి బావా?”

చెప్పాను. జీవితంలో ఏ పరీక్షలోనూ అంత స్పష్టంగా జవాబు చెప్పలేదు. ఆయన మామూలు అరలోంచి బుడ్డి తీసి ఇచ్చారు. తరువాత లేచి, బీరువాను కౌగలించుకుని, చెంప ఆనించి, తాళం తిప్పారు. “ఇది పెందుర్తి మావకి. పట్టిన మొక్కకి,” అన్నారు. ఆఖరుది చీటీ అడగకుండా ఇవ్వడం ఆయన ఉద్యోగ చరిత్రలో నాకు తెలిసి అదొక్కసారే. బయటకు వచ్చాక చూస్తే, ఆయనే ముందుగా రాసిన చీటీ బుడ్డికి చుట్టి ఉంది. పురుగు పేరు కూడా, ఒక్క అక్షరం తప్పు లేకుండా.

గురువారం జాలరిపేట తాతకు బల్ల ఎక్కించేముందు కనామైసిన్ ఇచ్చి ఆపరేషను చేశారు. మర్నాడు సర్జనుగారు నాలుగుసార్లు వచ్చి నుదురు ముట్టుకుని చూశారు. జ్వరం రాలేదు. ఆపరేషను తరువాత తాతకు పెట్టిన గొట్టం తీసిన రోజున వార్డు అవతల నుంచి ఒక ధార చప్పుడు వినిపించింది. పడుకున్నవారు లేచి కూర్చున్నారు. వించి డ్రైవరు తన మంచం మీదనుంచే అరిచారు. “బావా, నీదేనా?”

“నాదే మావా! అప్పు కాదు!”

స్టోరు బావ రిటైరైన రోజున తాళంచెవి అప్పగించడానికి మొలతాడు ముడి విడలేదు. ఇరవై ఏళ్ళ ముడి. చివరకు ఆపరేషను గదిలోంచి కత్తెర తెప్పించి కోశారు. ఆ తరువాత ఆయనకే ప్రోస్టేటు ఆపరేషను అవసరమై అదే వార్డులో చేరినప్పుడు, ఇంజెక్షను పట్టుకుని వచ్చిన నర్సమ్మ చేతిని ఆపి, “ఏ పురుగుకమ్మా?” అన్నారు. నేను పళ్ళెం తీసుకువెళ్ళి మంచం దగ్గర చూపించాను. కళ్ళజోడు ఎత్తి, వలయాన్ని చూసి, అప్పుడు చెయ్యి చాపారు.

జాలరిపేట తాత బతికి ఉన్నన్నాళ్ళూ ఆయనకు చేపలు పంపారు.

ఆ ఫిబ్రవరి తరువాత మా ఆసుపత్రిలో మారినవి ఇవి. మూత్రకోశ వార్డులో ఖాళీ సీసాకు కేకలు వేయడం మానేశారు. సర్జనుగారు ఆపరేషనుకు ముందు మందు రాయడానికి స్వయంగా మా గదికి వచ్చి పళ్ళెం చూసేవారు. పది రోజుల మందు పోయి, చాలామందికి ఒక్క మోతాదుతో సరిపోయింది. నేను వారానికి మూడు ఉదయాలు రెండు మగ్గులతో వార్డుకు వెళ్ళాను. ఎవరి సీసా వారే నింపుకున్నారు.